రాళ్ళ వరుస

బైదోవా కరువు శిబిరంలో జొన్నల లారీ కోసం ఎవరూ ఎండలో నిలబడరు. తమ వంతుకు గుర్తుగా తలా ఒక రాయి పెట్టి పోతారు. వాటికి కాపలా ముసలి గుర్హాన్. ఒకప్పుడు అడుగుజాడను బట్టి ఒంటెను గుర్తుపట్టినవాడు, ఇప్పుడు ఏ రాయి ఎవరిదో చెప్పగలడు. దారిలో తుపాకులు మోగుతున్నాయని లారీ రాక ఇరవై రోజులైంది. అయినా రోజూ పొద్దున్నే తలగుడ్డ విప్పి రాళ్ళ మీద దుమ్ము తుడుస్తాడు.

“నీ ఒంటెల్నైనా ఇంత ముద్దుగా చూశావా తాతా?” అంటూ వచ్చిన ఎబ్లా, తన నల్లరాయి దగ్గర ఆగిపోయింది. “నిన్న నాది తొమ్మిదోది కదా, ఇవాళ ఆరోదైందేం? లారీ వచ్చిపోయిందా? నన్ను లేపలేదేం?”

“రాలేదమ్మా,” అన్నాడు గుర్హాన్.

పక్కన తీసిపెట్టిన మూడు రాళ్ళనూ తలగుడ్డలో మూటగట్టుకుని, కొత్త సమాధుల వైపు నడిచాడు.