అర్జెంటు అట్టలో రాణి

1953లో కర్నూలు చరిత్రలో రెండు ఘట్టాలు జరిగాయి. ఊరు రాజధాని అయింది. రామలింగప్ప రోజుకొక అంకం చొప్పున పాత నాటకాలన్నీ చదవడానికి పూనుకున్నాడు. చరిత్రకారులు మొదటిదే రాసుకున్నారు.

డేరాలో నడిచే ఆఫీసులో ఆయన గుమాస్తా. ఆఫీసరు కంట పడకుండా పుస్తకాన్ని 'అర్జెంటు' అని రాసిన ఫైలు అట్టలో పెట్టుకుని చదివేవాడు. మూడేళ్లకు చిట్టచివరి నాటకంలో ఆఖరి అంకం మిగిలింది. రాణి రాజును క్షమిస్తుందా లేదా అన్నదే ఆయన బెంగ. ఇంతలో రాజధాని హైదరాబాదుకు కదిలింది. అర్జెంటు ఫైళ్లన్నీ ముందుగా లారీ ఎక్కాయి.

"యాడప్పా నా రాణి?" అన్నాడు రామలింగప్ప.

"లారీలో పోతాండాది. నీకు మాత్రం ఈడనే పోస్టింగు!" అన్నాడు తోటి గుమాస్తా తిమ్మయ్య.

ఆ ఫైలు తిరిగి పంపమని రామలింగప్ప హైదరాబాదుకు అర్జీ పెట్టుకున్నాడు. ఆర్నెల్లకు జవాబొచ్చింది: ఫైలు పరిశీలనలో ఉన్నది.