బేస్ మాస్టర్ మీద నా కోపం

"మాస్టర్ పోయిండన్నా" అని ఆయన శిష్యుడు ఫోన్ చేసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. "ఎప్పుడు?" అని మాత్రం అడిగాను. ఆయనతో మాట మానేసి ఏళ్లయింది. చనిపోయిన వాళ్లంతా మంచివాళ్లే అనే అలవాటు నాకు లేదు. చదివేవాళ్లు మన్నించాలి.

లాల్‌దర్వాజా గాజుల దుకాణదారు కొడుకు ఆయన. ఈ ఊళ్లో పాట రికార్డయితే బేస్ గిటార్ ఆయనదే. సినిమా పాటలు, బోనాల పాటలు, సబ్బు ప్రకటనలు, దేన్నీ కాదనలేదు. పక్కన డ్రమ్స్ మీద నేనుండేవాణ్ని. అందరి ముందూ మైకులో అనేవాడు: "ఉరుకుతున్నవ్ తమ్మీ. పాట ఉరుకుత లేదు." బాగా వాయించిన రోజున ఏమీ అనేవాడు కాదు.

ఒకసారి సంగీత దర్శకుడు డ్రమ్స్ మనిషితో వాయింపిద్దామా, మిషన్‌తోనా అని మాస్టర్‌ని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను.

"మిషన్ పెట్టుండ్రి సార్. మిషన్ అలగదు" అన్నాడు ఆయన.

ఆ తర్వాత నన్ను పిలిచేవాళ్లే లేకపోయారు. స్టూడియో మెట్ల మీద ఆయన్ని ఆపి, "ఏందన్నా, గిట్ల చేసినవ్? నాకు పిల్లలున్నరు" అన్నాను.

"పాటకు ఏది మంచిదో గదే చెప్పిన. నీ ఫికర్ పాటకెందుకు?" అని దిగి వెళ్లిపోయాడు.

జల్‌పల్లిలో అద్దె గదిలో డ్రమ్స్ నేర్పుతూ బతికాను. కడుపు మండేదేమిటంటే, పిల్లలకు నేను చెప్పేవి ఆయన మాటలే. "అన్ని జాగాలు నింపకు బిడ్డా, పాటకు ఊపిరాడాలె." ఊళ్లో ఏ ఆర్కెస్ట్రాలో చూసినా బేస్ వాయించే కుర్రాళ్లు ఆయనలాగే ఆగుతారు, ఆయనలాగే అందుకుంటారు. ఆయన దగ్గర నేర్చుకున్నాను. అది కాదనలేను. క్షమించనూ లేను.

శవం దగ్గర ఆయన భార్య, మా వదిన, నన్ను గుర్తుపట్టింది. "నిన్ను యాది చేసిండా అని అడగకు తమ్మీ. చెయ్యలే. మమ్మల్ని గూడ చెయ్యలే" అంది. ఆ ఇంట్లో నాకు ఊరటనిచ్చిన మాట అదొక్కటే.

పురానాపూల్ శ్మశానానికి వెళ్లే దారిలో పెద్ద స్పీకర్ పెట్టుకున్న ట్రాలీ ఆటో ఒకటి ట్రాఫిక్‌లో మా పక్కనే ఇరుక్కుంది. అందులో మోగుతున్నది మేమిద్దరం వాయించిన పాత పాట. బేస్‌కు దుకాణాల షట్టర్లు అదురుతున్నాయి. డ్రైవర్ పాడెను చూసి గాభరాగా పాట ఆపబోతే, "ఉండనియ్ భాయ్" అన్నాను. పాడె మోస్తున్న శిష్యులకు తెలియకుండానే వాళ్ల అడుగులు పాటతో కలిశాయి. పాడె మీద ఆయన తల ఒక పక్కకూ ఇంకో పక్కకూ మెల్లగా ఊగుతూ వంతెన వైపు వెళ్లిపోయింది.