తిట్లతో సహా పాఠం

మా రేణుకమ్మ మేడం ఇంటర్నెట్‌ను తిడుతుంది. ఆ మాటకొస్తే అందరం తిట్టుకుంటాం, కానీ మనసులో. ఈవిడ మాత్రం ఎదురుగా ఒక మనిషి నిలబడ్డట్టు, వాడిని కన్నవాళ్లు సరిగ్గా పెంచనట్టు, వేలు చూపించి మరీ తిడుతుంది. ఖిల్లా ఘణపూర్ దగ్గర మా హైస్కూల్లో ఆవిడ సైన్సు చెబుతుంది, నేను లెక్కలు చెబుతాను. స్టాఫ్‌రూమ్‌లో మా కుర్చీలు పక్కపక్కనే. కాబట్టి ఏ వెబ్‌సైటులో ఏ లోపం ఉందో, దాన్ని తయారుచేసినవాళ్లకంటే నాకే బాగా తెలుసు.

ఖాళీ పీరియడ్ దొరికితే చాలు, పిల్లలకు చూపించే పాఠాల కోసం బడి లాప్‌టాప్ ముందు కూర్చునేది. కాసేపటికే మొదలు.

"నువ్వు రోబోవా అని అడుగుతుండు సార్ వీడు! రోబోకు బీపీ గోలీలుంటయా? మోకాళ్ల నొప్పులుంటయా?"

"అది అందర్నీ అడుగుతది మేడం. ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలు నొక్కితే ఇడిసిపెడ్తది."

"మన ఊర్ల ట్రాఫిక్ లైటు ఏడుంది? మేకలున్న బొమ్మ చూపియ్యరా, కండ్లు మూస్కొని నొక్కుత!"

ఇంకోసారి 'ఉపాధ్యాయులకు ఉచితం' అన్న మాట చూసి సంబరంగా నొక్కింది. లోపల కార్డు నంబరు అడిగారు. "పెండ్లికి పిలిచి విస్తరాకు నువ్వే తెచ్చుకో అన్నట్టుంది! గిదేం ఉచితంరా?" అన్న అరుపుకి పక్క తరగతిలో ఎక్కాలు ఆగిపోయాయి.

ఒకరోజు ఏదో పరిశోధన వ్యాసం తెరవబోతే 'మీ సంస్థ పేరు ఎంచుకోండి' అని వచ్చింది. మేడం ఆ వరుసంతా కిందిదాకా వెతికింది. "దేశదేశాల యూనివర్సిటీలున్నయి, మన జిల్లా పరిషత్ బడి లేదు! మేం చదవొద్దా?"

"దేని మీద పరిశోధన మేడం?"

"నీకెందుకు సార్? నీ లెక్కలు చెప్పుకో." టక్కున మూసేసింది.

కానీ అసలు కోపం వీడియోల మీద. బొమ్మలు ఎంత బాగున్నా, చెప్పేవాడు ఎంత బాగా చెప్పినా ఒకటే తిట్టు. "మాటలు కింద తెలుగుల రాయరేంది? చేతులు పడిపోయినయా?" ఆ పట్టుదల ఎందుకో మాకెవరికీ అంతు పట్టలేదు.

నాలుగేళ్ల కిందట కొత్తగా వచ్చిన శ్రవణ్ కుమార్ ఈ కోపానికి బలయ్యాడు. పాపం, ఉత్సాహమున్న మాస్టారు. ఎక్కడెక్కడివో మంచి మంచి వీడియోలు వెతికి తెచ్చేవాడు. ఎనిమిదో తరగతికి క్లాస్ టీచరు కనుక మేడం ముందు చూసేది. చూసి, ఒక్కటీ ఒప్పుకునేది కాదు.

"కింద మాటల్లేవు. తీసెయ్."

"మేడం, గొంతు ఎంత మంచిగుందో వినుండ్రి."

"గొంతును ఏం జేసుకోను? మామిడికాయ లెక్క ఊరేసుకోనా?"

నెల తిరిగేసరికి శ్రవణ్ హెడ్మాస్టర్ సుదర్శన్ సార్ దగ్గర కూలబడ్డాడు. "నాతోని కాదు సార్. డిప్యుటేషన్ మీద గద్వాల పోత. ఆమెకు నేనంటేనే పడదు."

సార్ మేడంను పిలిపించాడు. "ఎందుకు వద్దంటున్నవో జర కారణం చెప్పమ్మా."

"కారణం చెప్ప."

"గట్లంటే ఎట్ల?"

"వద్దంటే వద్దు!" అన్న కేకకు మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లు గరిటెలతో సహా బయటికొచ్చారు. సార్ కూడా పట్టు విడవలేదు. సోమవారం శ్రవణ్ పాఠం చూపించాల్సిందేనన్నాడు. మేడం ముఖం ఎర్రబడింది. "సరే. ఆ వీడియో నాకియ్యుండ్రి" అని పెన్‌డ్రైవ్ లాక్కుని వెళ్లిపోయింది. ఇక అది తిరిగి రాదనుకున్నాడు శ్రవణ్.

సోమవారం వచ్చింది. పాఠం పేరు ఘర్షణ. నేనూ, సుదర్శన్ సారూ వెనక నిలబడ్డాం. తెర మీద సంగీతం మొదలైంది. దాని కింద, అంతకు ముందు లేని తెలుగు అక్షరాలు కనిపించాయి.

'ఊరికె డప్పు కొడుతుండు. పట్టించుకోకు.'

తరగతంతా పగలబడి నవ్వింది. తర్వాత చెప్పేవాడి ప్రతి మాటా కింద తెలుగులో, పొల్లు పోకుండా నడిచింది. నడుమనడుమ మేడం గొంతు. 'ఇది మంచిగ చెప్పిండు, యాదికి పెట్టుకో.' 'మల్ల సబ్‌స్క్రైబ్ అంటుండు, సిగ్గులేదు.'

శ్రవణ్ నోరు తెరిచి తెరనే చూస్తుండిపోయాడు. తేరుకుని, చివర్లో మేడం తెర మీద రాసిపెట్టిన ప్రశ్ననే అడిగాడు. "తడిసిన బండ మీద కాలెందుకు జారుతది?"

మొదటి బెంచీలో మానస లేచింది. ఆ పిల్ల తల్లిదండ్రులు పుణెలో కట్టడం పనిలో ఉన్నారు. నాయనమ్మ హన్మమ్మ దగ్గర ఉంటుంది. ఏడాదిగా ఏం అడిగినా తల దించుకునేది, మేమంతా చదువు రాదని వదిలేశాం. ఆ రోజు గడగడా చెప్పేసింది.

"ఈ పిల్ల మాట్లాడుతదా!" అన్నాడు సుదర్శన్ సార్.

నేను రేణుకమ్మ మేడం వైపు చూశాను. ఆవిడ తెరను చూడటం లేదు. మానసనే చూస్తోంది. అప్పుడు నాకు అర్థమైంది. ఆ పిల్లకు సరిగ్గా వినపడదు. మిగతాదంతా తర్వాతెప్పుడో మానసే చెప్పింది. 'చెవిటిది' అంటారని భయపడి ఎవరికీ చెప్పలేదు. మేడం కనిపెట్టి దవాఖానకు తీసుకెళ్లింది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. ఆ ఒట్టు కోసమే ఊరందరితో గయ్యాళి అనిపించుకుంది. ఇప్పుడు మానస వనపర్తిలో ఇంటర్ చదువుతోంది. చెవికి మిషన్ పెట్టుకుని దర్జాగా తిరుగుతోంది. ఇదంతా రాయమని చెప్పింది కూడా తనే.

ఆ సాయంత్రం శ్రవణ్ స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి మేడం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, మిగిలిన పాఠాలకు కింద మాటలు నేను రాస్త."

మేడం అతణ్ని కళ్లజోడు పైనుంచి ఎగాదిగా చూసింది.

"నీకు తిట్టుడొస్తదా?"

"రాదు మేడం."

"గట్లనా? కుర్చీ గుంజుకో. నేర్పిస్త."