మౌనం తీసెయ్యమన్నోడు

నేను కెనడా ఎన్నడూ చూడలే. గక్కడి రాజకీయం మాత్రం అమీర్‌పేటల ఓ కోచింగ్ సెంటర్ పైఅంతస్తుల కూసొని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని ఏండ్లకేండ్లు విన్న. అక్కడి పత్రికోళ్లు ఇంటర్వ్యూల రికార్డింగులు మా ఆఫీసుకు పంపుతరు. మేం విని, మాట మాట టైపు చేసి తిరిగి పంపుతం. గదే నా కొలువు.

నా వంతుకు వచ్చినాయన ఒక రాజకీయ విలేకరి. మొదట్ల గాయనంటే నాకు మస్తు గౌరవం ఉండె, అబద్ధమెందుకు. ఉత్తరాన ఏదో చిన్న ఊరట, ఆదివాసులుంటరు, నల్లా నీళ్లు కాచుకోకుంటే తాగనీకి లేదు. "గా ఊరికి మంచినీళ్లు ఎప్పుడిస్తరు?" అని దొరికిన ప్రతి మంత్రినీ అడుగుతుండె. గాయన మాకు చెప్పి పంపిన మాట సుత ఒక్కటే. మౌనం రాయండి, నసుగుడు రాయండి, నవ్వు రాయండి, అబద్ధం దొరికేది అక్కడనే అని. పంజగుట్ట హాస్టల్ల ఉప్పు బోరునీళ్లు తలకు పోసుకునే నాకు గా ప్రశ్న నాదే అనిపించేది.

ఇగ గాయనకు పేరొచ్చింది. టీవీలల్ల కూసునుడు షురువైంది. రికార్డింగుల్ల చెంచాల చప్పుడు, గ్లాసుల చప్పుడు, ఒక మంత్రితోని పకపకలు. నీళ్ల ప్రశ్న ఇంటర్వ్యూ చివరికి జరిగి, ఆఖరికి మాయమే అయింది. ఒకనాడు పత్రిక నుంచి మెయిలు. ఇకమీద నవ్వులు, మౌనాలు తీసెయ్యాలె, చదివేటోళ్లకు అడ్డమొస్తున్నయట. ఈయననే అడిగి పెట్టించిండట గా రూలు. ఓహో, చదివేటోళ్ల మీద ఎంత ప్రేమనో! మంత్రి ఇంట్ల తిన్నది అరగాలె గదా పాపం.

కొన్నాళ్లకే గా మంత్రికి అధికార ప్రతినిధి అయి కూసున్నడు. చాయ్ తాగుకుంట నేను గీ ముచ్చట చెప్తే మా టీమ్ లీడర్, కాకినాడాయన, "కెరీర్ మేడం, మంచి స్థాయికి ఎదిగారు" అన్నడు. ఎదిగిండట! నిన్నటిదాక నిలదీసినోడు ఇయ్యాల తలుపు కాడ అడ్డం నిలవడ్డడు, గది ఎదుగుడా? నాకు ఒళ్లు మండిపోయింది.

మొన్న గదే పత్రిక నుంచి కొత్త రికార్డింగు వచ్చింది. అడిగేది ఎవరో కొత్త విలేకరి, ఆడగొంతు. జవాబు చెప్పేది ఈయన. ఆమె అడిగింది, గా ఊరికి మంచినీళ్లు ఎప్పుడిస్తరు అని.

హెడ్‌ఫోన్లల్ల ఏం లేదు. కుర్చీ కిర్రుమన్నది. మళ్ల ఏం లేదు. ఆఖరికి గొంతు సవరించుకొని, మా ప్రభుత్వం కట్టుబడి ఉన్నది అని ఎత్తుకున్నడు.

చాలాసేపు మౌనం, కుర్చీ చప్పుడు, మళ్ల మౌనం అని టైపు చేసిన.

టీమ్ లీడర్ చూసి, "ఏంటి మేడం ఇది, రూల్ తెలుసుగా, తీసెయ్యండి" అన్నడు.

"తియ్య సార్. మౌనం రాయమని నాకు నేర్పింది ఆయననే."

నా మొఖం దిక్కు ఓసారి చూసి తన సీటుకు పోయిండు. ఫైలు గట్లనే పోయింది.

తర్వాత గా విలేకరి పిల్ల రాసింది నెట్‌ల చదివిన. ప్రశ్న పెట్టి, దాని కింద ఈయన జవాబు జాగల నేను టైపు చేసిందే పెట్టింది: చాలాసేపు మౌనం. ఊరోళ్లు ఇయ్యాల్టికీ నీళ్లు కాచుకొనే తాగుతున్నరని గా కిందనే రాసింది.