గుమ్మంలో పదకొండు ఫోటోలు

మా అక్క టైలరు. పొద్దస్తమానం కుట్టుమిషన్ తొక్కేది. మిగిలిన కాస్త టైములో పెరట్లో బోర్లా పడుకుని పురుగుల్ని ఫోటోలు తీసేది. "నీకు మనుషులు దొరకలేదటే?" అని నేను ఏడిపిస్తే, "మనుషులు కుదురుగా ఉండరే. ఇవి తినేటప్పుడన్నా కదలవు" అనేది.

అది పెరడు కాదు బాబూ, కబేళా! గొల్లభామ సీతాకోకచిలుకని ఒడిసిపట్టి తల దగ్గర్నుంచి నమిలేది. కందిరీగ గొంగళిపురుగుని కుట్టి కుట్టి, చంపకుండానే ఈడ్చుకుపోయేది. నాకు ఒళ్ళు మండిపోయేది. "వదిలించవే రాక్షసీ, చూస్తూ కూర్చుంటావేం!" అని పుల్ల అందుకుంటే నా చెయ్యి పట్టుకునేది.

"వాటి గొడవలో వేలు పెట్టకూడదు. అది నా రూలు. చూడాలి, తియ్యాలి, అంతే."

తీసిన ఫోటో ఒక్కటి కూడా చెరిపేది కాదు, మసకగా వచ్చినా సరే.

బావ గేట్లు వెల్డింగ్ చేసేవాడు. వీధిలో అందరికీ దేవుడు. ఇంట్లో మాత్రం అక్క మీద చెయ్యి చేసుకునేవాడు. ఆమె మెడ మీద కమిలిన మచ్చ చూసి నేను ఎగిరిపడితే మా అమ్మ నోరు మూయించేది. "ఆలుమగల మధ్య మనమెందుకే, వాళ్ళే సర్దుకుంటారు." నేనూ పళ్ళు నూరుకుని ఊరుకునేదాన్ని. ఊరుకోవడం మాత్రం మా ఇంట్లో అందరికీ బాగా వచ్చు.

ఆ ఆదివారం పొద్దున్నే అక్క ఫోన్ చేసి రమ్మంది. నిమ్మకొమ్మ మీది గొల్లభామ గుడ్లు పగిలి పిల్లలు బయటికొస్తున్నాయట. నెలన్నరగా వాటికి కాపలా కాసింది పిచ్చిది. నేను వెళ్ళేసరికి కెమెరా స్టాండు మీదుంది. పది సెకన్లకోసారి దానంతటదే ఫోటో తీసుకుంటోంది. దాహమేసి నేను వంటింట్లోకి వెళ్ళాను.

స్టాండు పడిన చప్పుడుకి గుమ్మంలోకి వచ్చాను. చొక్కా ఇస్త్రీ కాలేదట, అదీ బావ కోపం. కొమ్మ విరిచి, అప్పుడే పుట్టి గుంపుగా వేలాడుతున్న పిల్లల్ని బూటుకాలితో నలిపేశాడు. "వాటినేం చెయ్యొద్దు" అంది అక్క. జుట్టు పట్టుకుని ఆమె తలని సిమెంటు నీళ్ళతొట్టి అంచుకేసి బాదాడు. తర్వాత తొట్టిలో ముంచాడు. లేపాడు. మళ్ళీ ముంచాడు. నీళ్ళు ఎర్రబడ్డాయి.

నేను పార అందుకుని మోచేతి మీద ఒక్కటిచ్చాను. ఎముక విరిగిన చప్పుడు నా చేతులకి తెలిసింది. రెండోది మోకాలి మీద. మూడోది తల మీదే పడేది, దగ్గుతూ అక్క నా కాళ్ళకి అడ్డం పడింది.

మేమిద్దరం కలిసి తన మీద పడ్డామని బావ పోలీసులకి చెప్పాడు. "అక్కని కొట్టడం చూడగానే పరిగెత్తాను, ఒక్క క్షణం ఆగలేదు!" అని నేను గొంతు చించుకున్నాను. చుట్టాలందరికీ అదే చెప్పాను. పులివే నువ్వు అన్నారు. నేనూ పులినే అనుకున్నాను.

కింద పడ్డా కెమెరా ఆగలేదన్న సంగతి అక్కకే గుర్తొచ్చింది. తలకి తొమ్మిది కుట్లతో ఆసుపత్రి మంచం మీద కూర్చుని పోలీసావిడకి ఒక్కో ఫోటో చూపించింది. పక్కకి ఒరిగిన పెరడు. అక్క జుట్టు బావ పిడికిట్లో. వెనక వంటింటి గుమ్మంలో నేను, చేతిలో నీళ్ళ గ్లాసు. తర్వాతి ఫోటోలో బావ ముంచుతున్నాడు, గుమ్మంలో నేను. ఆ తర్వాతదాన్లోనూ గుమ్మంలోనే నేను. పార కనబడింది పన్నెండో ఫోటోలో.

పోలీసావిడ నా వైపు ఒకసారి చూసి, డాక్టరుతో మాట్లాడటానికి బయటికెళ్ళింది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ పదకొండూ చెరిపెయ్యవే."

"అవి చెరిపితే ఆయన ఇంటికొచ్చేస్తాడే" అంది.

"మరి నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

అక్క కెమెరా ఆపేసి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె గొంతులో కోపమన్నా ఉంటే బాగుండేది.

"నాకు ఫోటోలెందుకే? నీళ్ళలోంచి తల లేపినప్పుడల్లా నువ్వు కనబడుతూనే ఉన్నావు."