పుస్తకానికి అవతలి వైపు

ఫిబ్రవరి వచ్చిందంటే జగ్గయ్యపేట నుంచి వత్సవాయి వైపు వెళ్ళే పొద్దుటి బస్సులో కిటికీ సీటు కోసం ఎవరూ పోట్లాడుకోరు. రోడ్డుకి రెండు పక్కలా కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలితోపాటు లోపలికి దూరి, డ్రైవరు దగ్గర్నుంచి వెనక సీట్లో కునికే ముసలాయన దాకా అందర్నీ ఒకేసారి దగ్గిస్తుంది. అందరూ కొంగులూ కండువాలూ ముక్కుకి అడ్డం పెట్టుకుని నవ్వుకుంటారు. నాకు దగ్గు తర్వాత వస్తుంది, ముందు గుండె దడదడలాడుతుంది. ముప్పై అయిదు దాటినదాన్ని, పల్లెటూరి సర్కారు బళ్ళో ఒకటో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని, ఎవరో నా చేతిలో పుస్తకం పెట్టి చదవమన్నట్టు అరచేతులు చెమటలు పడతాయి.

మా అమ్మ జగ్గయ్యపేటలో ఒక సెట్టిగారి గోడౌన్లో మిరపకాయల తొడిమలు తీసేది. చలి విరిగిన దగ్గర్నుంచి రోళ్ళు పగిలే ఎండలొచ్చేదాకా అదే పని. నేనప్పుడు రెండో తరగతి. బడి వదలగానే పరుగెత్తుకెళ్ళి అమ్మ పక్కన కూర్చుని, ఆ ఎర్రటి గుట్టల మధ్య, గోనెసంచుల వాసనలో, చుట్టూ ఆడవాళ్ళు తుమ్ముకుంటూ చెప్పుకునే అత్తాకోడళ్ళ కబుర్లు వింటూ నేనూ తొడిమలు తుంచేదాన్ని. మజ్జిగలో ముంచినా, కొబ్బరినూనె రాసినా అమ్మ చేతుల మంట పోయేది కాదు. అందుకే ఆ నాలుగు నెలలూ ఆమె నన్ను ముట్టుకునేది కాదు. నా తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ అమ్మమ్మే. మిరపకాయల మధ్య పుట్టి పెరిగి కూడా కారం తినని మనిషి ఆవిడ, ఆమె కలిపే పప్పన్నంలో ఉప్పు కూడా భయపడుతూ పడేది.

ఆ ఏడాదే విమల టీచర్ వచ్చారు. డిగ్రీ అప్పుడే పూర్తిచేసిన అమ్మాయి, మాలాంటి పిల్లలకి ఇంగ్లీషు చెప్పడానికి రోజూ సాయంత్రం నందిగామ నుంచి బస్సులో వచ్చేవారు. అప్పట్లో మా బళ్ళో ఇంగ్లీషు మూడో తరగతిలో గానీ మొదలయ్యేది కాదు, కూలివాళ్ళ పిల్లలు అక్కడే వెనకబడిపోతున్నారని ఆమె దిగులు. సెట్టిగారు గోడౌను బయటి అరుగు వాడుకోమన్నారు. పిల్లలం పదిహేనుమందిమి, పుస్తకం ఒక్కటే. దాన్ని నేలమీద పరిచి ఆమె వేలు పెట్టి చదువుతుంటే, మేం చుట్టూ గుండ్రంగా కూర్చుని చలిమంట దగ్గర చేరినట్టు ముందుకు వంగేవాళ్ళం. మొదటిరోజు నేను తొడిమల దగ్గర్నుంచి తిన్నగా వెళ్ళి, గౌను దులుపుకుని ఆమె పక్కనే చతికిలబడ్డాను. అంతే, అరుగంతా తుమ్ములు.

"నాగమణీ, గాలికి అవతలగా కూర్చోమ్మా, పాపం వీళ్ళు తుమ్ముతున్నారు" అన్నారు టీచర్ నవ్వుతూనే.

అవతల అంటే ఆమెకి సరిగ్గా ఎదురుగా. ఆ రోజునుంచీ నా చోటు అదే అయిపోయింది.

చదువు నాకు గబగబా వచ్చేసింది. నావైపు నుంచి చూస్తే ఇంగ్లీషు కుడిచేతి వైపు మొదలై ఎడమచేతి వైపు నడిచేది, మొదటి వరస నా మోకాళ్ళకి దగ్గరగా ఉండేది. తెలుగు అట్లా లేదే అని అనుమానం రాకపోలేదు గానీ, పరాయివాళ్ళ భాష కదా, దాని నడక అదేలే అని సర్దుకున్నాను. బొమ్మలు తలకిందులుగా ఉన్నాయని తెలుసు. అక్షరాలకి కూడా తలా కాళ్ళూ ఉంటాయని ఎవరూ చెప్పలేదు. నాకు కనిపించినట్టే పలక మీద రాసి ముందుకు జరిపితే, ఎదురుగా ఉన్న టీచర్‌కి అది చక్కగానే కనిపించేది. "చూడండ్రా, నాగమణి ఎంత బాగా రాసిందో" అనేవారు.

మాఘమాసంలో పెనుగంచిప్రోలు తిరనాళ్ళకి వెళ్ళినప్పుడు మొదటిసారి నాకు భయం పట్టుకుంది. నా దోసిట్లో బెల్లం జీళ్ళు, చుట్టూ బూరల గోల, రంగులరాట్నం కిర్రుమనే చప్పుడు. అమ్మ ఒక ఫోటోల కొట్టు ముందు ఆగింది.

"ఆ బోర్డు మీద ఇంగిలీసులో ఏందో రాసుంది, సదివి సెప్పవే" అంది, పక్కనున్న పిన్నికి కూడా వినిపించేట్టు.

చూశాను. ఒకటి రెండు తప్ప ఏ అక్షరమూ నాకు తెలిసినదానిలా లేదు. "అది వేరే ఇంగ్లీషమ్మా, మాది కాదు" అన్నాను. "అంతేలే, పెద్దోళ్ళది వేరే ఉంటది" అని అమ్మ నమ్మేసింది. నేను మాత్రం జీళ్ళు తినడం మానేసి మళ్ళీ ఆ బోర్డు వైపే చూశాను. ఎక్కడో ఏదో తప్పుందని ఆ రోజే తెలిసింది. టీచర్‌కి చెప్పాల్సింది, చెబితే అరుగు మీద ఆ చోటు కూడా పోతుందేమోనని నోరు నొక్కేసుకున్నాను.

ఎండలు ముదిరే వేళ నందిగామలో ఒక ప్రైవేటు బడివాళ్ళు ఒక్క పేదపిల్లని హాస్టల్లో ఉంచుకుని ఉచితంగా చదివిస్తామన్నారు. విమల టీచర్ నన్నూ, ఎప్పుడూ ఆమె పక్కన కూర్చునే కోటేశ్వరినీ తీసుకెళ్ళారు. బస్సెక్కేముందు అమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని, "నువ్వు జన్మలో ఈ కాయల్లో సెయ్యి పెట్టగూడదే" అంది.

హెడ్మిస్ట్రెస్ మా పుస్తకాన్నే మధ్యలో తెరిచారు. కోటేశ్వరి తడబడుతూ నాలుగు వరసలు చదివింది. తర్వాత పుస్తకం నా చేతుల్లోకి వచ్చింది. పైన ఆవు బొమ్మ, కింద తిరనాళ్ళ బోర్డు మీదున్న ఆ వేరే ఇంగ్లీషు. "చదువమ్మా" అన్నారు. ఇంకేం చెయ్యాలో తెలియక పుస్తకాన్ని తిప్పి పట్టుకున్నాను. ఆవు కాళ్ళు పైకి వెళ్ళాయి, నా అక్షరాలు తిరిగొచ్చాయి. ఒక్క తప్పు లేకుండా పేజీ అంతా చదివేశాను.

హెడ్మిస్ట్రెస్ పడీపడీ నవ్వారు. "పుస్తకం పట్టుకోవడం కూడా రాదే! బట్టీ పట్టించి తీసుకొచ్చారేంటండీ?"

"లేదండీ, ఇంకో పేజీ..." అనబోయిన విమల టీచర్, నా చేతుల్లో తిరగబడి ఉన్న పుస్తకాన్ని చూసి ఆగిపోయారు.

తిరుగు బస్సు చిల్లకల్లు దాటింది. విమల టీచర్ నావైపు తిరిగి, "నిజం చెప్పు. చదివావా, అప్పజెప్పావా?" అన్నారు.

"సదివానండీ."

"మరి పుస్తకం ఎందుకు తిప్పావు?"

"అట్టా అయితేనే కనపడుద్దండీ."

ఆమె మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నారు. నందిగామ బళ్ళో సీటు పోయినందుకు కాదు, అబద్ధాలకోరుని అయిపోయినందుకు ఏడుపొచ్చింది. ఇంటికెళ్ళి సీటు కోటేశ్వరికి వచ్చిందని చెప్పగానే అమ్మ చేతుల సంగతి మరిచిపోయి నా మొహాన్ని రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. చెంపలు భగ్గుమన్నాయి. అయినా తియ్యమని నేను అనలేదు.

మర్నాడు సాయంత్రం విమల టీచర్ పుస్తకం పరిచి, ఏమనుకున్నారో లేచి, చుట్టూ తిరిగి వచ్చి, నన్ను పక్కకి జరిపి నా చోట్లో కూర్చున్నారు. వంగి పుస్తకాన్ని చూశారు. మొదటి వరస మీద వేలు పెట్టి కుడి నుంచి ఎడమకి నడిపారు.

"ఎన్నాళ్ళనుంచి ఇక్కడ కూర్చుంటున్నావే?"

"మొదట్నుంచీ అండీ. మీరే కూర్చోమన్నారు."

పిల్లలందరి ముందూ ఆమె ఏడ్చేశారు. ఆ వారంలోనే మళ్ళీ నందిగామ వెళ్ళి బతిమాలారట, కోటేశ్వరిని చేర్చేసుకున్నాం, ఇంకొకరికి చోటు లేదన్నారట. కాయల బస్తాలు అరుగు దాకా పేర్చడంతో మా క్లాసు కూడా ఆగిపోయింది. ఆ తర్వాత రెండేళ్ళు నేను తొడిమలు తీస్తూనే, నేర్చుకున్నదంతా మరిచిపోయి మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నాను.

ఇప్పుడా గోడౌను లేదు, అక్కడ ఫంక్షన్ హాలు కట్టారు. విమల టీచర్ పెళ్ళయి ఏ ఊరు వెళ్ళారో చెప్పేవాళ్ళు లేరు. ఒక పుస్తకం చుట్టూ పదిహేను తలలు చేరడం కూడా పోయింది, మా బళ్ళో తలా ఒక ఇంగ్లీషు పుస్తకం ఇస్తున్నారు. అయినా నా భయం పోలేదు. ఈ ఏడాది నా తరగతిలో దీవెన అని పత్తి కూలివాళ్ళ పిల్ల ఉంది. మూడు వారాలుగా పుస్తకం తెరిస్తే నోరు మెదపదు. "దానికి బుర్ర లేదండీ, వదిలెయ్యండి" అంటోంది పక్క తరగతి టీచరు. బడి వదిలాక రోజూ నేను ఆ పిల్ల కూర్చునే చోట, ఆ పిల్లంత ఎత్తుకి వంగి కూర్చుని, అటూ ఇటూ చూస్తున్నాను. ఇవాళ కూడా నాకేమీ కనిపించలేదు.