రెండో ట్యూబు కూడా ఎర్రబడింది

డెబ్బైల మధ్యలో నేను బెజవాడలో ఒక కాలేజీ లాబులో పరిశోధన చేసేదాన్ని. ఆదివారం సంఘంలో పాపాన్ని బూజుతో పోల్చే ప్రసంగాలు శ్రద్ధగా వినేదాన్ని. సోమవారం నుంచి రొట్టె మీద పట్టే అదే బూజును చక్కెర నీళ్ళు పోసి సాకేదాన్ని.

రొయ్య పెంకులో ఉండే గట్టి పదార్థమే బూజు కణాల గోడల్లోనూ ఉంటుంది. దాన్ని కరిగించే బాక్టీరియా ఒకటి గన్నవరం వైపు వరిచేల మట్టిలో దొరికింది. బాక్టీరియాను వడకట్టేసి, అది వదిలిన ఎంజైమును మాత్రం బూజు గోడల పొడి మీద పోయాలి. గోడ కరిగితే చక్కెరలు వస్తాయి, అవి మందులకు పనికొస్తాయని మా సారు ఆశ. నెలల తరబడి ఏమీ రాలేదు. ఉపవాసం ఉండి ప్రార్థించాను. ఒక శనివారం, చక్కెర ఉంటే ఎర్రబడే నీలం మందు పోసి కాచాను. ట్యూబు ఇటుక రంగుకు తిరిగింది.

సారు ఊళ్ళో లేరు. దేవుడు ఉన్నాడు. మర్నాడు ఆరాధనలో లేచి, బైబిల్లో దేవుడు కూల్చిన యెరికో గోడల్లాగే బూజు గోడలూ కూలాయని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. బయటికొచ్చాక పాస్టరమ్మగారు, "అయితే రేషను చక్కెర కోసం నిలబడక్కర్లేదా అమ్మా?" అని అడిగారు.

సోమవారం సారు అడిగింది వేరు. "ఎంజైమును ఉడికించి చంపేసి, అది పోసిన రెండో ట్యూబు పెట్టావా అమ్మాయ్?"

పెట్టలేదు. అప్పుడు పెట్టాను. అదీ ఎర్రబడింది.

"చచ్చిన ఎంజైము గోడ కూల్చిందంటే మీ దేవుడి పనైనా కావాలి, నువ్వు బూజును సరిగ్గా కడక్కపోవడమైనా కావాలి. ముందు కడిగి చూడు," అన్నారు.

కడిగాక ఏ రంగూ రాలేదు. నేను పోసిన చక్కెరే నాకు కనబడిందన్నమాట. సారుకు పోయింది ఒక శనివారం. నేను మాత్రం దేవుడు చెయ్యని పనిని సంఘం ఎదుట ఆయన పేరు మీద చెప్పేశాను. దేవుడి పేరు వ్యర్థంగా పలకకూడదనే మూడో ఆజ్ఞను సండే స్కూల్లో పిల్లలకు కంఠతా పట్టిస్తున్నది కూడా నేనే.

దిద్దుకుంటానని సంఘ పెద్దగారి దగ్గరకు వెళ్ళాను.

"సాక్ష్యం వెనక్కి తీసుకోవడం మన దగ్గర లేదమ్మా. ఇది నీ విశ్వాసానికి శోధన. ప్రార్థించి మళ్ళీ కాచి చూడు."

"కాచానండీ. ఎంజైము చచ్చినా ఎర్రగానే వచ్చిందండీ."

"మరింకేం?"

ఆ ఆదివారం అడక్కుండానే లేచాను. గోడలు కూలలేదని, కడగడం చేతకాక పొరబడ్డానని, దేవుడూ మీరూ క్షమించాలని చెప్పాను. అందరూ, పోయిన వారం కన్నా గట్టిగా, స్తోత్రం అన్నారు.

చెప్పులు వేసుకునే చోట పెద్దగారు ఆపారు. "నీ వినయం బాగుందమ్మా. గోడలు మాత్రం కూలాయి."

"లేదండీ," అన్నాను. ఆయన మళ్ళీ అన్నారు, నేను మళ్ళీ కాదన్నాను. మూడోసారి కాదనేసరికి ఆయన నా వైపు, యేసును ఎరగనని మూడుసార్లు బొంకిన పేతురును చూసినంత జాలిగా చూశారు.